సూర్యాస్తమయం దాకా

మా ఊరి చట్టంలో సూర్యుడి పేరు ఒక్కచోటే ఉంది.
ఇంటింటి అమ్మకాల అధ్యాయం, నాలుగో నిబంధన:
పొద్దున తొమ్మిది మొదలు సూర్యాస్తమయం దాకా.
మిగతాదంతా మనుషుల గోలే:
వేలిముద్రలు, ఫొటో, ఇరవై అయిదు డాలర్లు,
మెడలో కార్డు, కార్డు మీద మా స్టేషన్ ముద్ర.

ఫోన్ చేసింది ఆల్డర్ వీధి మిసెస్ థోర్‌గ్రిమ్సన్.
నెలకి నాలుగుసార్లు చేస్తుందావిడ,
చెత్తబుట్టలో రకూన్ దూరిందనో
పక్కింటి ఆకులు తన గడ్డి మీదికొచ్చాయనో.
ఈసారి గొంతు తగ్గించింది.
"ఎవరో కుర్రాడు. చీకట్లో. సంచీతో."
"ఏం చేశాడండీ?"
"తలుపు కొట్టాడు."
కాసేపాగి,
"మెల్లగానే కొట్టాడనుకో."

నేను వెళ్లేసరికి బర్చ్ చెట్టు దగ్గర నిలబడున్నాడు.
అడగకముందే చేతులు రెండూ
కారు లైట్ల వెలుగులోకి చాచి పెట్టాడు.
అది ఏ ఊళ్లో నేర్చుకున్నాడో అడగలేకపోయాను.

లావెల్ ప్రూయిట్. మిసిసిపీ. పందొమ్మిదేళ్లు.
కార్డు మీద నవ్వుతున్నాడు.
సోమవారం ఆ ఫొటో తీసింది నేనే,
కాస్త నవ్వమన్నదీ నేనే.

"పొద్దు కూకింది, లావెల్."
"ఎప్పుడండీ?"
"ఆరూ ఇరవై రెండుకి. మా గోడ క్యాలెండర్లో ఉంది."
అతను పడమటికి వేలు చూపించాడు.
నీళ్ల ట్యాంకు వెనక ఇంకా సన్నటి ఎర్రగీత,
కోర్టులో పెట్టిన సాక్ష్యంలా.
"అది చెల్లదు," అన్నాను.
"అయితే వెళ్లిపోతానండీ," అన్నాడు,
అని అక్కడే నిలబడ్డాడు.

వ్యాన్ తొమ్మిదికి గానీ రాదట.
ఆరుగురిని ఆరు వీధుల్లో దింపి
మేనేజరు ఎక్కడో హైవే పక్కన తింటూ ఉంటాడట.
చట్టం మనసులోనే తిరగేశాను.
తలుపు తట్టకూడదు, సరే.
అస్తమయానికీ వ్యాన్‌కీ మధ్య
మనిషి ఎక్కడ ఉండాలో మాత్రం
ఏ నిబంధనా చెప్పదు.
గాలికి మంచు వాసన మొదలైంది.

ఎక్కమన్నాను.
వెనక తలుపు వైపు నడిచాడు.
"ముందు సీటు," అన్నాను.
రెండోసారి చెప్పాల్సొచ్చింది.

హీటరు వెచ్చబడేసరికి కారంతా నారింజ వాసన.
సంచీలో మరకలు వదిలించే మందు, ఇరవై సీసాలు.
నా ఎడమ చేతి మడత వైపు చూశాడు.
"కాఫీయేనా అండీ అది?"
"అమ్మే వేళ అయిపోయింది."
"అమ్మట్లేదు, చూపిస్తానంతే. అయినా ఇది ఇల్లు కాదుగా?"
"తలుపులైతే నాలుగున్నాయి," అన్నాను.
అప్పుడు నవ్వాడు. ఫొటోలో నవ్వు ఇది కాదు.

రెండు చుక్కలు వేసి, గుడ్డతో మెల్లగా అద్దుతూ
కంపెనీ నేర్పిన మాటలన్నీ అప్పజెప్పాడు,
వైను, గ్రీసు, చిన్నపిల్లల క్రేయాన్లు,
ఎక్కడా తడబడలేదు,
డ్యాష్‌బోర్డుకి చెబుతున్నట్టు.

ఫోన్ మళ్లీ మోగింది.
"పట్టుకున్నావా?"
"కార్డుందండీ. మనమిచ్చిందే."
కర్టెన్ కదిలింది, అటువైపు కిటికీలో.
"అయితే ఏమమ్ముతున్నాడు?"
చెప్పాను.
"కార్పెట్‌కి పనికొస్తుందా?"
"రేపు పొద్దున అడగండి."
లావెల్ తల అడ్డంగా ఊపాడు.
రేపు వేరే ఊరు. వేరే కార్డు. మళ్లీ వేలిముద్రలు.

తొమ్మిదీ ఇరవైకి వచ్చింది వ్యాన్.
మేనేజరు నా వైపు చూడలేదు,
తలలు లెక్కపెట్టుకున్నాడు.
లావెల్ దిగుతూ తలుపు
మెల్లగా, చప్పుడు కాకుండా వేశాడు.

ఇంటికెళ్లి లైటు కింద చూసుకున్నాను.
మరక ఉన్నచోట డాలరు బిళ్లంత నీలం,
కొన్న రోజు నాటి నీలం.
మిగతా చొక్కా ఇంతగా వెలిసిపోయిందని
ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.